తెగువకు తీర్పు

ఈ ఉపన్యాసం చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ స్మృతికి అంకితం. బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టాడు. కంపెనీ ఉద్యోగిగా మద్రాసు వచ్చి, 1820లో కడపలో కాలుపెట్టాడు. తాటాకుల్లో చెదలపాలవుతున్న కావ్యాలను వెదికించాడు, పండితులకు జీతాలిచ్చి పరిష్కరింపజేశాడు. 1884లో లండన్‌లో కన్నుమూసేదాకా తెలుగును విడవలేదు. అటువంటి మనిషిని తలచుకునే రోజున స్తుతివాక్యాలు ఎన్ని చెప్పినా తక్కువే. అయితే నిఘంటుకారుడికి నిజమైన నివాళి అతను పట్టుకున్న పనిని కొంతసేపైనా మనం పట్టుకోవడంలో ఉంటుందని నా నమ్మకం. అందుకే ఈ సాయంత్రం ఒక్క ఇంగ్లీషు విశేషణాన్ని, దాని చుట్టూ చేరిన పర్యాయపదాలను, వాటికి ఎదురుగా మన భాషలో నిలబడే మాటలను పరిశీలించదలిచాను. ఆ విశేషణం ‘ఆడేషస్’. తెగించినవాడిని, హద్దు దాటినవాడిని ఆ మాటతో పిలుస్తారు. అది మెప్పా, నిందా అన్నది మాత్రం ఆ మాటను చూసి చెప్పలేం.

బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు మద్రాసులో అచ్చయిన 1852లోనే లండన్‌లో పీటర్ మార్క్ రోజే పర్యాయపద కోశం వెలువడింది. రెండింటి దారులు వేరు. బ్రౌన్ ఒక భాషలోని మాటకు మరో భాషలో సాటి వెదికాడు. రోజే మాటలను అక్షరక్రమంలో పేర్చకుండా భావాల వారీగా గుంపులు చేశాడు. ఆ కోశంలో ధైర్యానికి ఒక శీర్షిక, దుడుకుతనానికి వేరొక శీర్షిక, అవిధేయతతో కూడిన పొగరుకు ఇంకొక శీర్షిక ఉన్నాయి. చూడటానికి ఎంతో క్రమంగా ఉన్న ఏర్పాటు అది. కానీ తెగింపును చెప్పే మాటలు ఆ గోడల మధ్య ఒదిగి ఉండవు. ‘బ్రేవ్’ అనే మాట మెప్పువైపే ఉంటుంది, ‘రాష్’ అనే మాట నిందవైపే ఉంటుంది. ‘బోల్డ్’, ‘డేరింగ్’, ‘ఆడేషస్’ మాత్రం గోడ మీద నిలబడి, పలికేవాడి చూపును బట్టి ఇటో అటో దిగుతాయి. పరీక్ష హాల్లో విద్యార్థి వీటిని ఒకే వరుసలో రాస్తే మార్కులు పడవచ్చు. న్యాయస్థానంలో, పత్రికలో, చరిత్ర గ్రంథంలో ఒకదాని బదులు మరొకటి పడితే మాత్రం ఒక మనిషి జాతకమే మారిపోతుంది.

నా ప్రతిపాదన ఇది. తెగింపును తెలిపే విశేషణాలు గుణాన్ని వర్ణించడంతో ఆగవు, తీర్పు కూడా చెబుతాయి. మనిషి ఒక హద్దు దాటాడు. ఆ హద్దు న్యాయమైనదా, దాన్ని దాటే అర్హత అతనికి ఉందా, దాటినందుకు చెల్లించాల్సింది ఎవరు చెల్లించారు అన్న ప్రశ్నలకు సమాజం ఇచ్చే జవాబు ఆ విశేషణంలో ఇమిడి ఉంటుంది. కాబట్టి ఈ మాటల అర్థాలు మారిన చరిత్ర అంటే హద్దుల పట్ల మనుషుల అభిప్రాయం మారిన చరిత్రే. ఇంకో మాట కూడా చెప్పదలిచాను. మెప్పూ నిందా ఒకే మాటలో కలిసి ఉండటాన్ని కొందరు అస్పష్టత అంటారు. దాన్ని కాపాడుకోదగిన సంపదగా నేను భావిస్తున్నాను. మాటలో రెండు అర్థాలు బతికి ఉన్నంతకాలం, దాన్ని వాడేవాడు తన తీర్పుకు కారణం చెప్పక తప్పదు.

ముందు ఇంగ్లీషు మాట పుట్టిల్లు చూద్దాం. తెగించడం అనే అర్థమున్న లాటిన్ క్రియ నుంచి ‘ఆడాక్స్’ అనే విశేషణం, ‘ఆడాకియా’ అనే నామవాచకం వచ్చాయి. రోమన్ గణరాజ్యపు చివరి రోజుల్లో ఆ నామవాచకం రాజకీయ నిందగా స్థిరపడింది. క్రీస్తుపూర్వం 63లో కాటిలీన్ కుట్రను బయటపెడుతూ సిసిరో సెనేట్‌లో చేసిన తొలి ప్రసంగం ఆరంభంలోనే, పగ్గాలు తెంచుకున్న తెగింపు అన్న ఆరోపణ వినిపిస్తుంది. అదే కాటిలీన్ చరిత్ర రాసిన సాలస్ట్ కూడా అతని స్వభావాన్ని చెప్పడానికి ‘ఆడాక్స్’ అనే విశేషణమే వాడాడు. పూర్వుల ఆచారమే రాజ్యానికి పునాది అనుకునే సమాజం అది. అక్కడ హద్దుకు సంజాయిషీ అడగరు, దాటినవాడినే అడుగుతారు. కవులు కూడా ఈ విషయంలో జాగ్రత్తపడ్డారు. తెగించినవాడికి అదృష్టం తోడవుతుందనే ప్రసిద్ధమైన సూక్తిని వర్జిల్ తన మహాకావ్యం పదో సర్గలో టర్నస్ నోట పలికించాడు. టర్నస్ కథానాయకుడు కాడు, అతని ప్రత్యర్థి. పన్నెండో సర్గ చివర కథానాయకుడి చేతిలో చస్తాడు. ఈనాడు ఆ సూక్తిని గోడల మీద, చిహ్నాల మీద రాసుకునేవాళ్లు అది ఓడిపోయినవాడి మాటని చాలావరకు మరిచిపోయారు.

గ్రీకులకు ఈ చిక్కు అంతకు ముందే తెలుసు. క్రీస్తుపూర్వం 427లో కోర్సైరా ద్వీపంలో చెలరేగిన అంతర్యుద్ధాన్ని వర్ణిస్తూ థూసిడిడీస్ ఒక సంగతి గమనించాడు. పక్షాలు చీలి కొట్టుకుంటున్నప్పుడు మనుషులు మాటల విలువలను మార్చేశారు. ఆలోచన లేని తెగింపును పక్షం పట్ల నిబద్ధత అన్నారు, ఆగి ఆలోచించడాన్ని పిరికితనం అన్నారు. విశేషణం మారితే హత్య కూడా కర్తవ్యంగా కనిపిస్తుందని అంత స్పష్టంగా చూపిన చరిత్రకారుడు మరొకడు లేడనే చెప్పాలి. అరిస్టాటిల్ ధైర్యాన్ని పిరికితనానికి, దుడుకుకు నడుమ నిలబెట్టాడంటే, ఆ జారుడు నేల మీద గట్టిగా నిలవగల చోటు కోసమే.

ఇంగ్లీషులో ఆ పాత అనుమానం చాలాకాలం నిలిచింది. 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువులో ‘ఆడేషస్’కు అర్థాలు ఇస్తూ, ఈ మాట ఎప్పుడూ చెడ్డ అర్థంలోనే వస్తుందని ప్రత్యేకంగా హెచ్చరిక చేర్చాడు. నిఘంటుకారుడు ‘ఎప్పుడూ’ అనే మాటను ఊరికే వాడడు. మరో ముప్ఫై ఏళ్లు తిరగకుండానే ఐరోపాలో గాలి మారింది. 1784లో ఇమాన్యుయెల్ కాంట్ జ్ఞానోదయం అంటే ఏమిటన్న ప్రశ్నకు జవాబు రాస్తూ, రోమన్ కవి హోరెస్ లేఖలోంచి ఒక చిన్న ఆదేశాన్ని తీసుకుని ఆ యుగానికే నినాదంగా ప్రకటించాడు. సొంత బుద్ధిని ఉపయోగించడానికి తెగించమన్నది దాని సారాంశం. ఆ క్షణంలో తెగింపు నేరస్థుడి గుణం కాకుండా పోయి ఆలోచించే ప్రతి మనిషికీ కర్తవ్యమయింది. కారణం స్పష్టమే. హద్దులు దేవుడో పూర్వులో గీసినవి, అడగకూడనివి అన్న నమ్మకం సడలింది. హద్దే తన ఉనికికి కారణం చెప్పుకోవలసిన దశ వచ్చింది.

అయితే ఆ మార్పును మంచికే జరిగిన మార్పుగా ముగించలేం. 1792 సెప్టెంబరు 2న, శత్రుసైన్యాలు పారిస్ మీదికి వస్తున్న వేళ, ఫ్రెంచి విప్లవ నాయకుడు డాంటన్ శాసనసభలో తెగింపు కావాలని పదేపదే పిలుపునిచ్చాడు. ఆ ప్రసంగం ఫ్రెంచి వక్తృత్వంలో శిఖరంగా నిలిచింది. ఆ రోజునే పారిస్ జైళ్లలో బందీల ఊచకోత మొదలైంది. ప్రసంగమే ఊచకోతకు కారణమని నేను అనడం లేదు. కానీ ఒకే నగరంలో, ఒకే రోజున, ఒకే మాట నీడలో దేశరక్షణా నెత్తురూ రెండూ జరిగాయన్నది మరువరాని సంగతి. రెండేళ్లు నిండకుండా, 1794 ఏప్రిల్‌లో డాంటన్ తల కూడా గిలెటిన్ కింద తెగిపడింది. జాన్సన్ హెచ్చరిక పాతబడింది గానీ అబద్ధం కాలేదు. ఇంకా ముందుకు వస్తే, 2006లో బరాక్ ఒబామా తన పుస్తకం పేరులో ‘ఆడాసిటీ’ని ఆశకు విశేషగుణంగా చేర్చాడు. తరతరాలుగా ఆశించే హక్కే లేదని చెప్పించుకున్న నల్లజాతి ప్రార్థనామందిరాల్లోంచి వచ్చిన వాడుక అది. ఆశ పెట్టుకోవడం కూడా ఒకరికి హద్దు దాటడమే అవుతుందంటే, ఆ హద్దు గీసినవాళ్ల మీద అంతకంటే పెద్ద అభియోగం ఉండదు.

ఇప్పుడు మన వైపు చూద్దాం. ‘ఆడేషస్’ అనగానే తెలుగువాడికి తట్టే మాట సాహసం. ఈనాడు అది నూటికి నూరుపాళ్లు మెప్పు మాట. బడిపిల్లలకు ఇచ్చే పురస్కారాలకు దాని పేరు పెడతాం. కానీ ఈ నేలలో తరతరాలు అమరకోశం వల్లెవేసిన పిల్లలు ఆ మాటను మొదట వేరే చోట కలుసుకున్నారు. అమరసింహుడు ద్వితీయకాండలోని క్షత్రియవర్గంలో సాహసాన్ని దమం, దండం అనే మాటల సరసన పెట్టాడు. అంటే శిక్ష, జరిమానా. ధర్మశాస్త్రాల్లో సాహసం ఒక నేరం పేరు. మనుస్మృతి లెక్కించిన 18 వ్యవహారపదాల్లో దొంగతనం తరువాత సాహసం వస్తుంది. కౌటిల్యుడు ఈ రెండింటి మధ్య గీత గీశాడు. యజమాని ఎదుటే బలవంతంగా చేస్తే సాహసం, కంటికి కనబడకుండా చేస్తే చౌర్యం. జరిమానాలకు కూడా ఆ పేరే స్థిరపడింది. మనువు ప్రథమసాహసానికి 250, మధ్యమానికి 500, ఉత్తమానికి 1000 పణాలు విధించాడు. ఇక్కడ ‘ఉత్తమ సాహసం’ అంటే గొప్ప వీరకృత్యం అనుకుంటే పొరపాటు, అది అన్నింటికంటే పెద్ద జరిమానా. ఆ ధర్మశాస్త్ర సంప్రదాయాన్ని పదమూడో శతాబ్దంలో తిక్కన సమకాలికుడు కేతన ‘విజ్ఞానేశ్వరీయము’ ద్వారా తెలుగు పద్యంలోకి తెచ్చాడు.

అదే మాట కథకుల చేతిలో మరో జీవితం గడిపింది. విక్రమాదిత్యుడికి సాహసాంకుడు అనే బిరుదు ఉంది. శ్మశానంలో భేతాళుణ్ణి భుజాన వేసుకొచ్చిన రాజును, పరుల కోసం తన తల ఇవ్వడానికి వెనుదీయని రాజును ఆ మాటతోనే కీర్తించారు. కొరవి గోపరాజు సింహాసన ద్వాత్రింశికతో, జక్కన విక్రమార్క చరిత్రతో ఆ కథలు తెలుగువాళ్ల ఇళ్లలోకి వచ్చాయి. ఇంగ్లీషులో నింద నుంచి మెప్పుకు మార్పు కాలక్రమంలో జరిగింది. మన దగ్గర రెండు అర్థాలూ ఒకే కాలంలో పక్కపక్కన బతికాయి. ధర్మాధికారి సాహసం అన్నప్పుడు నేరం, కథకుడు సాహసం అన్నప్పుడు గుణం. ఈ తేడాకు కారణం కూడా ఆ రెండు వాడుకల్లోనే ఉంది. ధర్మాధికారి చెప్పే సాహసంలో దెబ్బ తినేవాడు ఎదుటివాడు. కథకుడు చెప్పే సాహసంలో ప్రాణం పణంగా పెట్టేవాడు సాహసి తానే. ఆధునిక కాలంలో ఈ సూక్ష్మాన్ని పట్టుకున్నది ఒక సినిమా కావడం విశేషం. 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’లో సాహసాన్ని ప్రబోధించే ప్రసిద్ధమైన మాట నేపాళ మాంత్రికుడిది. ఆ సాహసిని బలి ఇవ్వడానికే అతను వెదుకుతున్నాడు. వర్జిల్ టర్నస్ నోట పెట్టినట్టే, పింగళి నాగేంద్రరావు ఆ ప్రోత్సాహాన్ని ప్రతినాయకుడి నోట పెట్టాడు. ఎవరైనా మనల్ని సాహసించమంటున్నప్పుడు, ఆ సాహసానికి మూల్యం ఎవరిదో అడగాలన్న వివేకం అందులో ఉంది.

సంస్కృతం నుంచి వచ్చిన మాటను పక్కన పెట్టి, దేశిపదాలను చూసినా ఇదే తేలుతుంది. తెగు అనే ఒక్క ధాతువు మీద మనవాళ్లు మూడు తీర్పులు నిలిపారు. తెగువ మెప్పు. తెంపరితనం సగం మందలింపు. బరితెగింపు పూర్తి బహిష్కారం. మూడింటిలోనూ జరిగిన పని ఒకటే, తెంచుకుని పోవడం. పొలం గట్టు తగాదాలో ఎదురు తిరిగిన రైతు తెగువ చూపాడంటారు, అదే పని కుర్రవాడు చేస్తే తెంపరి అంటారు, ఇంటి కోడలు చేస్తే బరితెగించింది అంటారు. రోజే శీర్షికల్లో లేని పట్టిక ఇది. ఇందులో విభజన గుణాన్ని బట్టి జరగలేదు, మనిషి స్థానాన్ని బట్టి జరిగింది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. ఇదంతా ఫలితాన్ని బట్టి కాదా? గెలిచినవాడిది సాహసం, ఓడినవాడిది దుస్సాహసం అని లోకం తేల్చేస్తుంది కదా? ఈ వాదంలో కొంత నిజం ఉంది, పూర్తి నిజం లేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద, ఆ తరువాతి రోజుల్లో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసింది. తీసుకుపోయిన తుపాకులు, తూటాల లెక్క స్టేషను పుస్తకంలోనే రాసి సంతకం చేసిపోయాడని ప్రసిద్ధి. ఆ సంతకాన్ని కౌటిల్యుడి నిర్వచనం పక్కన పెట్టి చూడండి. చాటుగా చేస్తే చౌర్యం, ఎదుట నిలిచి చేస్తే సాహసం. సీతారామరాజు తన పనిని చౌర్యం కానివ్వలేదు. ప్రభుత్వ రికార్డులు ఆ మన్యం తిరుగుబాట్లను ‘ఫితూరీ’ అన్నాయి. 1924 మే 7న రాజు మరణించాడు, తిరుగుబాటు అణిగిపోయింది. ఫలితాన్ని బట్టే తీర్పు అయితే, ఈనాటికి పాలకుల మాటే నిలవాలి. నిలిచింది తెలుగువాళ్ల మాట. పితూరీ అనే శబ్దం తెలుగు వాడుకలో పైవాళ్లకు చేసుకునే ఫిర్యాదుగా మిగిలింది. మన్యం ప్రజల దృష్టిలో అడవి చట్టాలే అన్యాయం, కూలి లేకుండా రోడ్డు పనులకు తోలడమే నేరం. హద్దు గీసినవాడి న్యాయం నిలబడనప్పుడు దాటినవాడి ఓటమి అతన్ని చిన్నబుచ్చలేదు.

మరో ఆక్షేపణ మరింత బరువైనది. తీర్పు చెప్పేవాడి చూపును బట్టే విశేషణం మారితే, నిజమైన ధైర్యం అనేదే లేదని ఒప్పుకున్నట్టు కాదా? ఎవరి పని వారికి సాహసం, ఎదుటివాడికి దుస్సాహసం అయితే ఇక నిఘంటువుకు అర్థమేముంది? దీనికి నా జవాబు, తీర్పులు చెప్పేవాళ్లు పలువురు ఉన్నంత మాత్రాన అన్ని తీర్పులూ సమానం కావు. ఇంతవరకు చూసిన సాక్ష్యాల్లోంచే ఒక గీటురాయి బయటపడుతోంది. మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు, చెల్లించేవాళ్లు దానికి సమ్మతించారా అన్నదే ఆ గీటురాయి. పారిస్ జైళ్లలోని బందీలను ఎవరూ అడగలేదు. 1921లో చీరాల, పేరాల ప్రజలు మున్సిపాలిటీని, దాని పన్నులను నిరాకరించి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో సొంత ఇళ్లు విడిచి, ఊరి బయట రామనగర్ అనే పందిళ్ల ఊరు కట్టుకుని నెలల తరబడి ఎండకూ వానకూ ఓర్చారు. ఎవరి మీదా చేయి ఎత్తలేదు, మూల్యం మొత్తం తామే చెల్లించారు. 1928 ఫిబ్రవరిలో సైమన్ కమిషన్ బహిష్కరణ రోజున మద్రాసులో పోలీసు తుపాకుల ఎదుట టంగుటూరి ప్రకాశం రొమ్ము చూపి నిలబడ్డాడు. అక్కడ పణంగా పెట్టినది పరాయి ప్రాణం కాదు. మన్యంలో లెక్క ఇంత తేలిక కాదు. తిరుగుబాటుకు మన్యం గూడేలు చెల్లించిన మూల్యం చాలా పెద్దది. కానీ గాం మల్లు దొర, గాం గంటం దొర వంటివాళ్లు వెంట నడిచినవాళ్లే కాదు, ఆ పోరాటాన్ని నడిపినవాళ్లు కూడా. తమ తరఫున ఎవరో తెగించడం వేరు, తామే తెగించడం వేరు.

ఈ గీటురాయి మీద గీసినప్పుడు మన గౌరవనీయుల తీర్పులే కొన్ని నిలబడవు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించాడు. బహిష్కారానికి, బెదిరింపులకు జంకలేదు. ఆయన సాహసి అనడంలో సందేహం లేదు. కానీ ఆ రోజున తన జీవితాన్నే పణంగా పెట్టి పీటల మీద కూర్చున్న బాలవితంతువును సాహసి అన్న పుస్తకాలు ఎన్ని? నడిపించినవాడికి విశేషణం దక్కింది, నడిచినదానికి దక్కలేదు. అదే వీరేశలింగం ఆంధ్ర కవుల చరిత్ర రాస్తూ, పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానానికి చెందిన ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’ను చూసి, స్త్రీకి తగని సిగ్గులేనితనం అని ఖండించాడు. శృంగారాన్ని అంతకంటే తక్కువగా రాయని పురుష ప్రబంధకవులకు ఆ అభియోగం ఆ రూపంలో తగల్లేదు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని ఏ పద్యమూ తొలగించకుండా వావిళ్ల వారి ద్వారా ప్రచురింపజేసింది. పురుషులు రాస్తే ఒప్పు, స్త్రీ రాస్తే తప్పు ఎలా అవుతుందని నిలదీసింది. ప్రభుత్వం దాన్ని అశ్లీల గ్రంథమని నిషేధించింది. ఆ నిషేధం తొలగింది మూడు దశాబ్దాలు దాటాక, మద్రాసు రాష్ట్రానికి ప్రధానిగా టంగుటూరి ప్రకాశం ఉన్నప్పుడు. తుపాకికి ఎదురు నిలిచినవాడు ఒక కవయిత్రి తెగువకు ఉన్న సంకెల తీయడం తగిన పనే. అయినా ముద్దుపళని, నాగరత్నమ్మల పేర్ల ముందు మన సాహిత్య చరిత్రలు సాహసం అనే మాటను చేర్చడానికి ఇంకా ఎక్కువ కాలమే పట్టింది. అంతకు చాలా ముందే, పదమూడో శతాబ్దంలో కాకతీయ సింహాసనం ఎక్కిన రుద్రమదేవి శాసనాల్లో రుద్రదేవ మహారాజు అనే పురుష నామంతో కనిపిస్తుంది. పాలించే తెగువ ఆమెకు ఉంది, ఆ తెగువకు స్త్రీలింగంలో మాట ఇవ్వడానికి కాలం సిద్ధంగా లేదు.

అది గడిచిన కాలపు సంగతి అని ఊరటపడటానికి వీలులేదని మన నేటి వాడుకే సాక్ష్యం చెబుతుంది. ఇంగ్లీషు పర్యాయపదాలు రెండు తెలుగులో ఇల్లు కట్టుకున్నాయి. ‘డేరింగ్’ మన నాలుక మీద విశేషణంగా ఆగక నామవాచకమే అయింది. వాడికి డేరింగ్ ఎక్కువ అంటాం, దేనికైనా డేరింగ్ ఉండాలి అంటాం. తొలి తెలుగు సినిమాస్కోప్ చిత్రంగా 1974లో ‘అల్లూరి సీతారామరాజు’ను నిర్మించిన కథానాయకుడు కృష్ణకు పత్రికలు డేరింగ్ అండ్ డాషింగ్ హీరో అని బిరుదిచ్చాయి, అది ఆయనకు తగినదే. ఇక ‘బోల్డ్’ అనే మాటను అవే సినిమా పేజీల్లో చూడండి. బోల్డ్ సీన్, బోల్డ్‌గా నటించింది అన్నచోట చాలాసార్లు అది నటి ఒంటి మీది బట్టల గురించిన మాట. ఇంగ్లీషు నిఘంటువులో పక్కపక్క ఇళ్లలో ఉండే రెండు మాటలు తెలుగులోకి వచ్చేసరికి ఒకటి మగవాడి గుండెకు, మరొకటి ఆడదాని ఒంటికి పంపిణీ అయ్యాయి. ఈ పంపిణీని ఇంగ్లీషు మన మీద రుద్దలేదు. తెగువ, బరితెగింపు అనే పాత విభజనలోకే కొత్త మాటలను మనం సర్దుకున్నాం. అరువు మాట వచ్చినంత మాత్రాన అరువు తీర్పు రాదు, తీర్పు ఇంటిదే.

చివరి ఆక్షేపణ నిఘంటుకారుల వైపునుంచి వస్తుంది, దాన్ని ఈ సభలో తేలిగ్గా తోసేయకూడదు. నిఘంటువు పని వాడుకను నమోదు చేయడం, న్యాయం చెప్పడం కాదు. జనం సాహసాన్ని మెప్పుగానే వాడుతుంటే, పాత నేరార్థాన్ని తవ్వి తీయడం పాండిత్య ప్రదర్శన కాదా? మాట మూలం మాట అర్థం కాదన్న సూత్రాన్ని నేను పూర్తిగా అంగీకరిస్తాను. మనుస్మృతిలో జరిమానా కాబట్టి ఈనాడు సాహసాన్ని జరిమానా అనుకోమని ఎవరూ అనరు. నా అభ్యర్థన వేరు. వాడుకను నమోదు చేయడమంటే ఎవరి నోట, ఎవరి గురించి, ఏ సందర్భంలో అన్నదీ నమోదు చేయడమే. జాన్సన్ ఎప్పుడూ చెడ్డ అర్థంలోనే అని రాసినప్పుడు చేసింది అదే, తన కాలపు తీర్పును దాచకుండా పైకి చెప్పాడు. బరితెగింపు అన్న మాట ఎదురుగా సిగ్గువిడుపు అని మాత్రమే రాసే నిఘంటువు సగం నిజమే చెబుతుంది. ఎక్కువగా స్త్రీలను నిందించడానికి వాడే మాట అని కూడా చేరిస్తే నిజం పూర్తవుతుంది. బోల్డ్, డేరింగ్ తెలుగు మాటలుగా నిఘంటువుల్లో చేరే రోజున వాటి పంపిణీ కూడా వాటితోనే చేరాలి. వేమన పద్యాలను సేకరించి 1829లో ప్రచురించిన బ్రౌన్, పండితులు చిన్నచూపు చూసిన కవిని ముందుపెట్టినవాడు. మాట ఎవరి నోట పుట్టినా నమోదుకు అర్హమేనన్న ఆ దృష్టినే పర్యాయపదాల వైపు కూడా తిప్పమని మాత్రమే నేను అడుగుతున్నాను.

ఒక్క మాటతో ముగిస్తాను. ఈ కాలం సాహసాన్ని విరివిగా పొగుడుతోంది. వ్యాపార ప్రకటనలు, ఎన్నికల ప్రసంగాలు, విజయగాథలు ఎడాపెడా ఆ మాటను పంచుతున్నాయి. మెప్పు ఒక్కటే మిగిలిన మాట ఏ పనినైనా కప్పిపుచ్చగలదు. అప్పు ఇచ్చినవాళ్ల సొమ్ముతో, కూలీల శ్రమతో, ఓటర్ల భవిష్యత్తుతో తెగించేవాడిని, తన ప్రాణంతో తెగించేవాడిని ఒకే విశేషణంతో పిలిస్తే ఆ విశేషణానికి ఇక విలువ ఉండదు. ధర్మాధికారి సాహసాన్ని, కథకుడి సాహసాన్ని మన పూర్వులు ఒకే మాటలో ఉంచారు. ఆ జంట అర్థాన్ని మనం పోగొట్టుకోకూడదు. ఎవరినైనా సాహసి అనే ముందు, అతను దాటిన గీత ఎవరు గీసిందో, దాటినందుకు ఎవరు చెల్లించారో అడుగుదాం. ఎవరినైనా బరితెగించారు అనే ముందు కూడా ఆ రెండు ప్రశ్నలే అడుగుదాం. రెండు చోట్లా ఒకే కొలత వాడగలిగిన రోజున మన పర్యాయపదాల పట్టిక తిరగరాయవలసి వస్తుంది, ఆ పనికి తరువాతి తరం నిఘంటుకారులు సిద్ధపడాలి.